ఈశాన్యం మూల బాత్రూమ్

మా ఇంటి వంటగది చాలా బావుంటుంది. వచ్చినవాళ్ళందరూ అదే మాట అంటారు. నాకు మాత్రం ఆ పొయ్యి ముందు నిలబడ్డ ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అది మా అత్తగారి బాత్రూమ్ డబ్బుతో కట్టిన వంటగది.

మాది వర్జీనియా, షాంటిలీ దగ్గర. నేను డేకేర్‌లో పిల్లల్ని చూసుకుంటాను. మా ఆయన ఎయిర్‌పోర్టులో అద్దెకార్ల కౌంటర్ దగ్గర పనిచేస్తారు. అమెరికాలో తెలుగువాళ్ళంటే అందరూ సాఫ్ట్‌వేరే అనుకుంటారు గానీ, మాలాంటివాళ్ళమూ ఉన్నాం. కాకపోతే ఫొటోల్లో వెనక వరసలో నిలబడతాం. ఆ సాఫ్ట్‌వేర్ వైభోగమంతా మా ఆడపడుచుది, అంటే మా ఆయనకి అక్క. మమ్మల్ని ఇక్కడికి రప్పించింది ఆవిడే. ఆ సంగతి ఆవిడా మర్చిపోదు, మమ్మల్నీ మర్చిపోనివ్వదు.

మా అత్తగారు మొదట ఆ కూతురి దగ్గరే ఉండేది. పెద్ద ఇల్లు, కిందే పడకగది, పక్కనే బాత్రూమ్. అన్నీ ఉన్నా ఆవిడకి అక్కడ ముద్ద దిగేది కాదు. అల్లుడు మంచివాడే, ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆయన హాల్లోకి వస్తే ఈవిడ లేచి గదిలోకి వెళ్ళిపోయేది. టీవీ చూడాలన్నా ఆయన ఆఫీస్‌కి వెళ్ళేదాకా ఆగేది. నేను చూడటానికి వెళ్తే నా చెయ్యి వదిలేది కాదు.

"అల్లుడింట్లో ఎన్నాళ్ళని ఉండనే? చుట్టపుచూపుగా వచ్చి పోతేనే మర్యాద. మీరు ఓ ఇల్లు చూసుకోండి, నేనొచ్చి నీ దగ్గర పడుంటాను" అనేది.

అప్పట్లో మాకున్నది మూడో అంతస్తులో ఒక చిన్న అపార్ట్‌మెంట్. లిఫ్టు లేదు. ఆవిడ మోకాళ్ళకి గుమ్మం దాటడమే గండం, ఇక మూడంతస్తులు ఎక్కడెక్కుతుంది?

అలాంటి సమయంలో కౌంటీ ఇల్లు తగిలింది. ఇక్కడ బిల్డర్లు ఇళ్ళు కట్టినప్పుడు కొన్నిటిని జీతం తక్కువున్నవాళ్ళ కోసం తక్కువ ధరకి వదలాలి. కౌంటీవాళ్ళు, అంటే ఇక్కడి జిల్లా అధికారులు, లాటరీ తీసి వాటిని ఇస్తారు. ఎన్నో ఏళ్ళ కిందట పేరు ఇచ్చి మర్చిపోయిన మాకు, ఒకరు ఉండి వెళ్ళిన రెండంతస్తుల టౌన్‌హౌస్ వచ్చింది. కింద హాలు, వంటగది, ఓ చిన్న గది ఉన్నాయి. స్నానాలగది మాత్రం పైన. కింద గుమ్మం పక్కన ఒక కమోడ్, ఒక సింకు పట్టేంత గూడు ఉందంతే.

లోన్ ఇచ్చే అమ్మాయి ఒక దారి చెప్పింది. ఇల్లు కొనేటప్పుడే మరమ్మతుల కోసం ధర మీద ఇంకొంత అప్పు తీసుకోవచ్చట. ఆ డబ్బు మన చేతికివ్వరు, కాంట్రాక్టర్ పని చేసినకొద్దీ బ్యాంకే కడుతుంది. కాకపోతే ఈ అవకాశం ఇప్పుడే. కౌంటీ ఇల్లు కాబట్టి దాని మీద తర్వాత మళ్ళీ అప్పు చెయ్యడానికి వీల్లేదు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ గూటి వెనక కోట్లు తగిలించుకునే అల్మారా ఉంది. మధ్య గోడ తీసేస్తే అత్తయ్యకి బాత్రూమ్ అయిపోతుంది.

కాంట్రాక్టర్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. నిలబడి షవర్ కింద తడిసే మనిషి కాదు మా అత్తయ్య. కూర్చుని చెంబుతో పోసుకోవాలి. అరుగు ఎంత ఎత్తుండాలో ఇంగ్లీషులో చెప్పడం చేతకాక, బకెట్ బోర్లించి కూర్చుని చూపించాను. అతను నవ్వి, అల్మారా గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. ఆ గీత చూసి నేను ఎంత మురిసిపోయానో!

అప్పుడు దిగింది మా ఆడపడుచు.

"సిద్ధాంతిగారికి చూపించకుండా పని మొదలెడతారా? వీడియో కాల్ బుక్ చేశాను, తమ్ముడూ, ఇల్లంతా తిప్పి చూపించు" అంది.

మా ఆయన ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని మూలమూలా తిరిగారు. ఇండియా నుంచి ఆ సిద్ధాంతి కెవ్వుమన్నంత పని చేశాడు. గుమ్మం పక్క గూడు సరిగ్గా ఈశాన్యమట. అక్కడ కమోడ్ ఉండటమే దోషం, ఒక గిన్నెలో ఉప్పు పోసి పెట్టి సరిపెట్టుకోవచ్చు గానీ, ఇంకా పెంచితే ఇంటి యజమానికి గండమట. పైగా పొయ్యి ఉత్తరాన ఉందట, దాన్ని ఆగ్నేయానికి మార్చితే గానీ లక్ష్మి నిలవదట.

"మరి అత్తయ్య స్నానం ఎక్కడ చేస్తుంది వదినా?" అన్నాను.

"పైన ఉందిగా. మెల్లిగా ఎక్కుతుంది, ఎక్సర్‌సైజ్ అవుతుంది. తమ్ముడి మీదకి ఏదన్నా వస్తే నువ్వు తట్టుకుంటావా? అయినా గృహప్రవేశానికి అందరూ వస్తారు. ఆ పాత కిచెన్ చూస్తే కౌంటీ ఇల్లని ఇట్టే కనిపెట్టేస్తారు. మా పరువేం కాను?"

అదీ అసలు సంగతి! ఆ రోజు నేను నోరు చేసుకున్నాను. ఏడ్చాను, అన్నం మానేశాను. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, "అక్క మన మంచికే చెప్తుంది కదా. అమ్మ సంగతి తర్వాత చూద్దాంలే" అన్నారు. తర్వాత చూడటానికి లేదని ఆయనకీ తెలుసు. మర్నాడు కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి ప్లాన్ మార్పించేశారు. గ్యాస్ పైపు ఇటు లాగి, గట్టు కొట్టి కొత్తది కట్టి, గ్రానైట్ వేసేసరికి బ్యాంకు దగ్గరున్న డబ్బంతా ఊడ్చుకుపోయింది.

గృహప్రవేశం ఘనంగా జరిగింది. ఆగ్నేయంలో పాలు పొంగాయి. మా ఆడపడుచు వచ్చినవాళ్ళందరికీ "కస్టమ్ కిచెన్" అని చేతులు తిప్పుతూ చూపించింది. గూట్లో ఉప్పుగిన్నె మాత్రం ఎవరికీ చూపించలేదు.

అత్తయ్య పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చిన రోజు ఆవిడ మొహం చూడాలి! కూతురింట్లో ఏళ్ళ తరబడి గొంతు తగ్గించి మాట్లాడిన మనిషి, మా హాల్లో కూర్చుని నన్ను కేకేసి పిలిచింది. "ఏమే, గోంగూర తెచ్చావా? రేపు నేను చేస్తాను, నీకు ఉప్పు పాళ్ళు తెలియవు" అంది. తిట్టినా ముద్దుగానే ఉంది నాకు.

ఆ రేపు రాలేదు. పైకి ఎక్కాలంటే కొడుకు ఒకపక్క, నేను ఒకపక్క పట్టుకోవాలి. ఆయన డ్యూటీ తెల్లారకముందే, నాది ఆ వెనకే; ఓవర్‌టైమ్ చేసుకుని ఆయన వచ్చేసరికి ఆవిడ నిద్రపోయేది. ఇద్దరం ఇంట్లో ఉండేది ఆదివారమే. మిగిలిన రోజుల్లో ఆవిడ ఆ గూట్లో తడిబట్టతో ఒళ్ళు తుడుచుకునేది. స్నానం చెయ్యని ఒంటితో వంటింట్లో అడుగుపెట్టడం ఆవిడ జన్మలో లేదు.

"అమెరికాలో ఇవన్నీ ఎవరు చూస్తారు అత్తయ్యా, రండి" అని బతిమాలాను.

"ఎవరో చూడటం ఏంటే? దేవుడి పటాలు అక్కడే పెట్టావు. తుడుచుకుంటే స్నానమవుతుందా?" అంది.

అంత డబ్బు పోసి వాస్తు ప్రకారం కట్టిన వంటగదిలోకి ఆ ఇంటి పెద్దదిక్కు రాలేదు. గడప బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. గోంగూర నేనే చేశాను. ఆవిడ బయట నుంచి, "ఇంకాస్త వేగనీ" అంటూ ఉండేది. ఎండలు ముదిరాక ఎవరైనా ఇంటికొస్తే, "నా దగ్గర వాసనొస్తోందేమో" అని లేచి గదిలోకి వెళ్ళిపోయేది. అక్కడ అల్లుడికి మొహం చాటేసిన మనిషి, ఇక్కడ అందరికీ చాటేసింది.

ఒక ఆదివారం మెట్ల మధ్యలో ఆవిడ మోకాలు మడత పడింది. అక్కడే కూలబడి, కొడుకు మెడ పట్టుకుని ఏడ్చేసింది. "నన్ను మీ అక్క ఇంటికే పంపించెయ్యరా. రోజూ ఇంత నీళ్ళన్నా పోసుకుంటాను" అంది. మా ఆయన తల ఎత్తలేదు. ఎత్తితే నేను ఊరుకునేదాన్ని కాదు.

ఆవిడ వెళ్ళాక కొన్నాళ్ళకి చూడటానికి వెళ్ళాను. అత్తయ్య తలంటుకుని, తడిజుట్టు విరబోసుకుని మంచం మీద కూర్చుంది. గది తలుపు జేరేసి ఉంది. చేతులు కడుక్కుందామని పక్కనున్న బాత్రూమ్‌లోకి వెళ్ళాను. ఏం బుద్ధి పుట్టిందో, ఫోన్ తీసి దిక్సూచి పెట్టాను. ముల్లు కుదురుకోగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తలుపు తీసి గట్టిగా పిలిచాను.

"వదినా, మీ బాత్రూమ్ ఈశాన్యంలో ఉందేంటి?"

మా ఆడపడుచు వచ్చి, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "బిల్డర్ కట్టి ఇచ్చాడు, మనమేం చేస్తాం? ఈ ఇంట్లోకి వచ్చాకే కదా మీ అన్నయ్యకి ప్రమోషన్ వచ్చింది" అంది.

నా నోటికి వచ్చిందల్లా అనెయ్యడానికి ఊపిరి పీల్చుకున్నాను. వెనకనుంచి అత్తయ్య నా కొంగు పట్టుకుని లాగింది.

"మెల్లగా మాట్లాడవే" అంది, "అల్లుడుగారు హాల్లో ఉన్నారు."