బోల్టు మీద ఎర్రచుక్క

మా మేనత్త పోయింది. ఇచ్చోడ నుంచి భాయ్ ఫోన్ చేసేసరికి నేను సుల్తానాబాద్‌లో డ్యూటీకి బయలుదేరే తొందరలో ఉన్నాను. "అత్తమ్మ పొద్దున లేవలే బేటీ. నిద్రలనే పోయింది" అన్నాడు. బ్యాటరీల దుకాణం నడిపే ఈ భాయే ఏటా అక్కడ డ్రాగ్ రేసులు పెట్టిస్తాడు. మైకు ఉన్నా లేకున్నా అరిచి మాట్లాడే మనిషి. ఆ పొద్దున ఆయన మాట సరిగ్గా వినబడక రెండోసారి చెప్పించుకున్నాను.

డ్రాగ్ రేసు అంటే కొమ్ములేం ఉండవు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా ఊపగానే పావుమైలు తిన్నగా ఉరుకుతాయి, ముందు చేరినది గెలిచినట్టు. హైవే వెడల్పు చేసినప్పుడు పక్కకు మిగిలిపోయిన పాత రోడ్డు ముక్క మీద, పోలీసుల పర్మిషన్ తీసుకుని, అంబులెన్సును నిలబెట్టుకుని ఆడతాం. లొల్లి అంతా రేసులో కాదు, ఏ బండి ఏ క్లాసులో ఉరకాలన్న దగ్గర ఉంటుంది. ఆ లొల్లి తీర్చేది మా అత్త. ఐటీఐలో మోటారు మెకానిక్ పని నేర్పి రిటైరైంది. ఆదివారం చర్చికి పోవాలి, ఇంజన్ ముట్టనంటే ముట్టననేది. అందుకే మా రేసులు ఎప్పుడూ శనివారమే.

ఆమె ప్రాణమంతా 'ఇంటి బండి' క్లాసు మీద ఉండేది. రోజూ పనికి పోయే బండితోనే ఆడే క్లాసు అది. నూరు సీసీ ఇంజన్, కంపెనీ ఇచ్చినదే ఉండాలి. పాత బండ్లకు ఒక్క బోరు మాఫీ, అంటే అరిగిన సిలిండర్‌ను ఒక్కసారి సాపు చేయించుకోవచ్చు. రెండోసారి చేయిస్తే సిలిండర్ పెద్దదై బలం పెరుగుతుంది, కాబట్టి కుదరదు. బాడీలో అద్దాలు, స్టాండు, వెనక చక్రంలో కొంగు చిక్కకుండా ఉండే సారీ గార్డు, ఏదీ ఊడదీయకూడదు. పోరగాళ్ళు బరువు తగ్గాలని మొట్టమొదట పీకేది ఆ సారీ గార్డునే. "మా ఎనుక చీర కట్టుకొని ఎవలు కూసుంటున్నరు మేడం?" అని ఒకతను ఎకసెక్కమాడాడు. అత్త నవ్వలేదు, కోపమూ చేయలేదు.

"ఇయ్యాల ఎవలు కూసోరు. రేపు మీ అవ్వను దవాఖానకు తీస్కపోవా?"

మధ్యాహ్నానికల్లా అతను ఇంటికి పోయి గార్డు బిగించుకుని వచ్చాడు.

రేసుకు ముందు బండి చూడటం అయ్యాక సిలిండర్ హెడ్డు, అంటే ఇంజన్ పైమూత, దాన్ని బిగించే బోల్టు మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టేది. సగం బోల్టు మీద, సగం హెడ్డు మీద పడాలి. మధ్యలో ఎవరైనా ఇంజన్ విప్పితే చుక్క రెండు ముక్కలవుతుంది. బొట్టు కూడా పెట్టుకోని మనిషి ప్రతి రేసుకు ముందు గాజుల దుకాణానికి పోయి ఎర్ర రంగే ఏరి కొనుక్కునేది. "పెండ్లెవలది మేడం?" అని దుకాణమాయన ప్రతిసారీ అడిగేవాడు. "నూరు సీసీలది" అనేది అత్త, మొహం మార్చకుండా.

నన్నూ వదల్లేదు. పాత బండి ఒకటి కొని, చూసేది అత్తే కదా అని ధీమాగా పోయాను. హెడ్డు విప్పించి కొలిచి, పరికరం పక్కన పెట్టింది. "కోడలా, నీకు ముందున్నోడు రెండో బోరు కొట్టిచ్చిండు. నువ్వు గీ క్లాసుల ఉరుకవు."

"నాకు తెల్వదు అత్తా."

"నీకు తెల్వదని నాకెరుకే. బండికైతే తెలుసు గదా."

నాకు మండింది. ఏ ఇంజనైనా పెట్టుకోగల ఓపెన్ క్లాసులో ఉరికి, అందరికంటే వెనక వచ్చి, ఏడుపు మొహంతో కూర్చున్నాను. అత్త జొన్నరొట్టెలో పచ్చిమిర్చి దంచిన ఠేచా పెట్టి నా చేతికిచ్చింది. తరువాతి శనివారం నా బండికి కొత్త సిలిండర్ తానే కూర్చుని ఎక్కించింది. నియమం చెప్పి చేతులు దులుపుకోవడం ఆమెకు రాదు. వచ్చే ఏడుకు నువ్వు లోపలికి రావాలి, దానికి ఏం చేద్దాం అని మనతోపాటు కూర్చునేది. నేను ఆమెకు రుణపడ్డది అందుకే.

ఇంకో మాట తరచూ అనేది: "ఊడవీకినదాన్ని ఆపాలె. తగిలిచ్చుకున్నదాన్ని ఆపద్దు. బరువు మోసుకొని ఉరుకుతా అన్నోన్ని మనమెందుకు ఆపుడు?"

సమాధుల తోట గేటు దగ్గర చాలా బండ్లు ఆగి ఉన్నాయి. నల్లగా జిడ్డు పట్టిన గోళ్ళతో పోరగాళ్ళంతా వచ్చారు. పాదిరిగారి ప్రార్థన వింటూ వింటూ నా కళ్ళు బండ్ల మీదికి పోయాయి. ఓపెన్ క్లాసు వాళ్ళతో సహా ఒక్కరూ సారీ గార్డు లేకుండా రాలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ బయటపడింది.

నెల తిరిగాక భాయ్ పిలిపించాడు. "ఇంటి బండి క్లాసు తీసేద్దాం బేటీ. సూసేటోళ్ళు లేరు. ఎవలకు నచ్చిన ఇంజన్ వాళ్ళు పెట్టుకొని ఉరుకనీ."

"తీసేస్తే పనికి పోయే బండ్లోళ్ళు ఎవరొస్తరు భాయ్? ఇంజన్‌కు పైసలు పోసేటోళ్ళే మిగులుతరు. నేను సూస్త."

"నీకొస్తదా?"

రాదు. కానీ అత్త రిటైరైనాక కూడా ఐటీఐ గేటు దగ్గరే కాపురం ఉండేది కాబట్టి అక్కడి మాస్టర్లు నాకు తెలుసు, నేర్పేవాళ్ళు దొరికారు. సెలవు రోజుల్లో పోయి కొలవడం నేర్చుకున్నాను. గాజుల దుకాణంలో ఎర్ర రంగు అడిగితే ఆయన పెండ్లెవలదని అడగలేదు. సీసా కాగితంలో చుట్టి, పైసలు తీసుకుని, "జర మంచిగ పెట్టు బిడ్డా" అన్నాడు.

ఈ ఏటి రేసుల శనివారం, నేను బండ్లు చూసే బల్ల ముందుకు ఒక అమ్మాయి బండి తోసుకుని వచ్చింది. వాళ్ళ బాపు పాలు పోసే బండి. వెనక రెండు వైపులా క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు. నా వెనకనుంచి ఒకతను, "గవి కంపెనీ ఇచ్చినయి కావు గదా అక్కా. బాడీ మార్చినట్టే" అన్నాడు. అమ్మాయి మొహం వాడింది. "తీసెయ్యమంటే తీసేస్త. కానీ రేప్పొద్దున పాలకు మళ్ళ బిగియ్యాలె" అంది.

బోరు కొలిచాను. మాఫీ లోపలే ఉంది. కొక్కెం వెనక సారీ గార్డు వంగి ఉంది, కానీ ఉంది. భాయ్ మైకు పక్కన పెట్టి నా వైపే చూస్తున్నాడు. నా మొదటి తీర్పు అది. అత్త బదులు అక్కడ కూర్చున్నందుకు నాకు భయం వేసింది, ఆ భయంలోనే ఆమె గొంతు వినిపించింది.

"కొక్కేలు బరువే గదా, ఉండనీ" అన్నాను. "ఏదీ ఊడవీకలే. ఉరుకు బిడ్డా."

సీసా మూత తిప్పి చుక్క పెట్టాను. రంగు కొంచెం పక్కకు కారింది.

"గోళ్ళరంగే గదా అక్కా?" అంది అమ్మాయి.

"గోళ్ళరంగే."

రెండు పోటీలు గెలిచి, మూడోదాంట్లో ఓడింది. దుమ్ము కొట్టుకున్న మొహంతో తిరిగి వచ్చి, నేను అడగకముందే బండిని బల్ల ముందు నిలబెట్టింది. నేను వంగి కొంగుతో దుమ్ము తుడిచాను. చుక్క, సగం బోల్టు మీద, సగం హెడ్డు మీద, చెక్కుచెదరకుండా ఉంది.