పావువంతు హేరోదు

ఈ ఉదయం సుమ్మాదేవి చర్చిలో బైబిలు పాఠం చెప్పాను. మత్తయి హేరోదును చతుర్థాధిపతి అన్నాడు. ఆ మాటకు గ్రీకులో నాలుగో వంతు దేశాన్ని ఏలేవాడని అర్థం, రాజనడం మర్యాదకే. (గ్రీకు నేను పలాస స్టేషన్లో, రైళ్లు ఆలస్యమైనప్పుడల్లా నేర్చుకున్నాను. అందుకే బాగా వచ్చింది.)

మావాళ్లు తోటకత్తులు అరుగు మీద పెట్టి లోపలికొస్తారు. పాఠమయ్యాక వాటిని తీసుకుంటుంటే, జీడితోటను నాలుగు వంతులుగా పంచుకున్న అన్నదమ్ముల్లో చిన్నవాడు పెద్దవాణ్ని అడిగాడు.

“నీదీ పావువంతే కదన్నా. రాజునాగ నా సెట్ల జీడిపిక్కలు కూడా ఏరుకుపోతన్నావేటి?”

పెద్దవాడు కత్తితో వేటు వేశాడు. తమ్ముడి చెయ్యి ఎముక దాకా తెగింది, అరుగంతా నెత్తురు. పలాస ఆస్పత్రిలో కుట్లు వేశారు. చెయ్యి నిలిచేదీ లేనిదీ రేపు చెబుతారట.

ఆస్పత్రి వరండాలో కూలబడ్డ పెద్దవాడు నన్నడిగాడు. “మావా, ఆ హేరోదు సివరికి ఏటయ్యాడు?”

“రాజు బిరుదిమ్మని రోము సక్రవర్తినడిగి, ఉన్న పావువంతూ పోగొట్టుకున్నాడురా.”

ఆ ముక్క పాఠంలోనే చెప్పాల్సిందని మా ఆవిడ అంటోంది. చెబితే వినేవాడంటారా?