కుట్టు ఎవరిదో చెప్పాలి

బూట్ల కార్ఖానాలో ఆమెను అందరూ గుండుసూది అంటారు. మనిషి పొట్టి, మాట పదును, పైగా ఎక్కడ గుచ్చుకుంటే అక్కడే ఉంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, సొంత వదిన అది విని, ఇన్నేళ్లూ తనకు తట్టలేదే అని తెగ బాధపడింది.

ఆమె పని బూటు పైభాగం కుట్టడం. ఎడమచేతి వాటం కావడంతో కుట్టు చివర దారాన్ని అందరికీ ఎదురు దిక్కుగా తిప్పి ముడి వేస్తుంది. సరిచేసుకోమని ఎంతమంది చెప్పినా వినలేదు. బూటు ఊడొచ్చినప్పుడు మాట్లాడదాం అంది. ఆమె కుట్టిన బూటు ఇంతవరకూ ఊడిరాలేదు, ఆ మాటా మళ్లీ రాలేదు.

ఏడాది చివరి సెలవులకు ముందు ఆ కార్ఖానాలో ఒక ముచ్చట జరుగుతుంది. చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్లకు బహుమతి ఇవ్వాలి. బజారులో కొన్నది పనికిరాదు. మిగిలిన తోలు ముక్కలతో స్వయంగా చేసి, పేరు చెప్పకుండా ఇవ్వాలి. అందుకున్నవాళ్లు అందరి ముందూ విప్పి, కుట్టు చూసి, అది ఎవరి చేతి పనో చెప్పాలి. చెప్పలేకపోతే సెలవుల తర్వాత వారమంతా జిగురు గిన్నెలు కడగాలి. ఎండిన జిగురుతో ఒక్కసారి కుస్తీ పట్టినవాళ్లెవరూ మరుసటి ఏడు పరాకుగా ఉండరు.

ఈ ఆటలో అచ్చుల బాబాయిని మించినవాడు లేడు. తోలును బిగించి కుట్టడానికి కొయ్యపాదాలు కావాలి. వాటిని చెక్కేది ఆయనే. కుట్టును కళ్లతో కూడా చూడడు, బొటనవేలితో ఒకసారి తడిమి పేరు చెప్పేస్తాడు. ఆయన చేత జిగురు గిన్నె కడిగించిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఊళ్లో అందరి పాదాలకూ కొలత తెలిసిన ఆ మనిషి తన పాదాన్ని మాత్రం ఎవరికీ చూపించలేదు. కుడికాలు ఎడమకాలి కన్నా పొట్టి. మామూలు బూటులోనే గుడ్డ పీలికలు కుక్కుకుని నడుస్తాడు. ఈ సంగతి అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉంటారు. ఎవరి చూపైనా పొరపాటున ఆ కాలి మీద పడితే ఆయన చెక్కడం ఆపి వాళ్ల ముఖంలోకి చూస్తాడు. ఆ చూపు చాలు, రెండోసారి తప్పు చేయరు.

ఆ ఏడు యజమాని ఒక కబురు చెప్పాడు. సెలవుల తర్వాత కింద కొత్త మిషను పెడతారు, చెక్కుడు గది మేడ మీదికి మారుతుంది. బాబాయి సరే అన్నాడు. భోజనాల వేళ అందరూ పెరట్లో ఉండగా గుండుసూది కత్తెర మరిచిపోయి లోపలికి వచ్చింది. బాబాయి మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడిపోయి ఉన్నాడు. పీలికలు జారి, మడమ బూటులోంచి బయటికి వచ్చేసింది. ఆయన వెనక్కి దిగి, తన గదిలోకి వెళ్లి, ఉలులు ఒక్కొక్కటిగా పాత గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. అవి ఆయన సొంత ఉలులు. పని మానేసేవాడే వాటిని ఇంటికి పట్టుకెళతాడు.

మొగుడు వదిలేసి వెళ్లాక చంటిపిల్లను చంకనేసుకుని పనిలోకి వచ్చిన రోజు ఆమెకు నిన్నటిలాగే ఉంది. పిల్లతో పనేమిటని తలా ఒక మాట అంటుంటే, ఈయన కిమ్మనకుండా కొయ్యపాదాల పెట్టె ఖాళీ చేసి, దుప్పటి పరిచి, పిల్లను అందులో పడుకోబెట్టాడు. "ఏడిస్తే నేను చూస్తాలే, నువ్వు కుట్టుకో" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు తల్లికి బుద్ధులు చెప్పేంతటిది అయింది. తండ్రి అనే మాట వింటే గుండుసూదికి ఈయన ముఖమే గుర్తుకొస్తుంది. ఆయన్ని మెట్లకు భయపడి పోనివ్వను అనుకుంది. అనుకున్నాక ఇక ఆమెను ఆపడం ఎవరి తరం?

చీటీల్లో బాబాయి పేరు మడమలు కొట్టే మావయ్యకు వచ్చింది. ఆమె వెళ్లి అతని ముందు నిలబడింది.

"ఆ చీటీ నాకివ్వు మావయ్యా."

"చీటీలు మార్చుకోకూడదే."

"మార్చుకోవద్దు. నువ్వు పారేసుకో, నాకు దొరుకుతుంది."

సాయంత్రం దాకా ఆమె అతని చెవిలో జోరీగలా తిరిగేసరికి, విసిగిపోయి చీటీని కింద పడేసి అటు తిరిగాడు.

బాబాయి ఇంటికి తొడుక్కెళ్లే బూట్లు పగలంతా బల్ల కింద ఉంటాయి. ఆమె వాటి కొలత తీసింది, పీలికల మందం చూసింది. మిగులు తోలుతో కొత్త జత కుట్టి, కుడి బూటు అడుగున తోలు పొర మీద పొర వేసి ఎత్తు పెంచింది. అంచులు అద్దంలా మెరిసేదాకా రుద్దింది. తోలు పనివాళ్లకు ఒక జబ్బు ఉంది. మంచి పని చేస్తే అది నలుగురికీ కనబడాలి. ఆ పొరల్ని దాచాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

బహుమతుల రోజున బాబాయి తనకొచ్చిన పెట్టె తెరిచి బూట్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఇన్నేళ్లు ఆయన ఎవరి కంటా పడకుండా దాచుకున్నది బల్ల మీద తళతళలాడుతూ నిలబడింది. నవ్వుతున్నవాళ్లు ఆగిపోయారు. మావయ్య తన పాదాల వైపు చూసుకున్నాడు.

బాబాయి బొటనవేలు కుట్టు మీద జరిగి, ఎదురు దిక్కుగా తిరిగిన ముడి దగ్గర ఆగింది.

"కుట్టు ఎవరిదో తెలియట్లేదు. గిన్నెలు నేను కడుగుతాలెండి" అన్నాడు.

బూట్లు పెట్టెలో పెట్టి, మూత వేసి, బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. తిట్టినా ఆమె పడేది, బూటు విసిరికొట్టినా పడేది. నీ చెయ్యి నాకు తెలియదు అన్నాడు, అది మాత్రం తట్టుకోలేకపోయింది.

ఇంకొకరైతే సెలవుల తర్వాత క్షమాపణ చెప్పుకుందాంలే అనుకునేవాళ్లు. ఆమె మర్నాడు పొద్దున్నే, ఆ ఏటికి చివరి పనిరోజున, పెట్టె పట్టుకుని చెక్కుడు గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఆయన ఎదుటే ఆ పొరల్ని కత్తితో ఊడదీసింది.

"తప్పు చేశాను బాబాయ్. బయట పెట్టాల్సింది కాదు. ఎత్తంతా లోపల పెట్టి, రెండింటి పైభాగాలూ సమానంగా కుడతాను. ఎవరికీ తెలియదు. నీ కాలి అచ్చు కావాలి."

"అవసరం లేదమ్మాయ్. పని మానేస్తున్నా."

"తెలుసు. ఉలులు చుట్టడం చూశాను."

"చూస్తే మరి ఎందుకీ గొడవ?"

"నువ్వు లేకపోతే ఎవడో చెక్కిన కొయ్య మీద నేను కుట్టను. నా పిల్లను పెట్టెలో పడుకోబెట్టినప్పుడు నాకు సిగ్గేసింది బాబాయ్, చచ్చేంత సిగ్గు. అయినా నీ మాట విన్నాను. ఇప్పుడు నువ్వు నా మాట విను."

ఆమె కదల్లేదు. బయట మావయ్య సుత్తి చప్పుడు మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. చివరికి ఆయన వంగి, అన్నిటికన్నా కింది అరలోంచి దుమ్ముకొట్టుకుపోయిన కొయ్యపాదాలు రెండు తీశాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు తన కోసం చెక్కుకున్నవి. బూట్లు కుట్టమని ఎవరి చేతికీ ఇవ్వలేక అక్కడే ఉంచేశాడు.

"ఇవి కుర్రకాలంనాటివి" అని గొణిగాడు. "పాదం ఇప్పుడు వెడల్పయింది."

బూటు విప్పాడు, పీలికలు తీసి పక్కన పెట్టాడు. వంకర తిరిగిన వేళ్లు, కాయలు కాసిన మడమ. ఆమె చూపు తిప్పుకోలేదు, జాలిపడనూ లేదు. కాలును ఒళ్లోకి తీసుకుని కొలత నాడా చుట్టింది. ఆమె చెబుతుంటే ఆయన కొయ్యకు తోలు ముక్కలు అంటించి వెడల్పు పెంచాడు. వేళ్ల దగ్గర ఆమె చెప్పిన కొలత తప్పంటే తప్పని ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. ఆయన గొంతు మామూలుగా అయిపోయింది.

సెలవులంతా ఆమె ఇంట్లో కుట్టింది. కూతురు కాఫీ పెట్టి పక్కన ఉంచితే అది చల్లారిపోయేది. "సెలవులమ్మా" అని కూతురంటే, "నీ ఉయ్యాల బాకీ తీరుస్తున్నానే" అనేది.

కార్ఖానా తెరిచిన రోజు బాబాయి కొత్త బూట్లు తొడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చాడు. చంకలో ఉలుల మూట. అందరూ తలలు వంచుకుని పని చేస్తున్నట్టు నటించారు, ఒక్కరి చెయ్యీ ఆడలేదు. ఆయన ఎక్కాడు. కమ్మీ పట్టుకున్నాడు, కానీ ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక వెనక్కి తిరిగి కిందికి చూశాడు.

"జిగురు గిన్నెలు నేను కడగను" అన్నాడు అందరికీ వినబడేలా.

"అదేమిటి బాబాయ్, ఒప్పుకున్నావుగా" అన్నాడు మావయ్య.

"కుట్టు ఎవరిదో తెలిస్తే కడగక్కర్లేదుగా. తెలుసు." కమ్మీ మీద చెయ్యి తీసేసి నిలబడ్డాడు. "మా అమ్మాయిది."

గుండుసూది తల ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కించబోయింది. ఎంతకీ ఎక్కలేదు.