ఎదురింటాయన్ని మళ్ళీ మళ్ళీ చంపారు

మా ఎదురింటాయన పోయారు. అమెరికాలో, ఈ పార్సిప్పనీ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చిన తీరు చెప్పాలంటేనే రోతగా ఉంది. "మన విలన్ అంకుల్ ఈసారి నిజంగానే పోయాడు" అని మన తెలుగతనే ఒకడు పెట్టాడు. కింద నవ్వు బొమ్మలు. చదివి వినిపిస్తున్న మా మనవరాలు ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఆయన ఇక్కడి సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసేవారు. "హీ ఈజ్ ఎ క్యారెక్టర్ యాక్టర్, అమ్మమ్మా" అని మనవరాలు మొదట్లో చెప్పింది. క్యారెక్టర్ ఉన్న యాక్టరు కాబోలు, నడత మంచిదని నలుగురూ అలా పిలుస్తారు కాబోలు అనుకున్నాను. నా చదువు అంత మాత్రమే. తీరా టీవీలో చూస్తే, ఆయన ఎవరి గొంతో పిసుకుతున్నారు! ఆ వారమంతా తలుపు గడియ పడిందో లేదో లేచి లేచి చూసుకున్నాను.

దొంగ, తాగుబోతు, కిరాయి రౌడీ. ఆయనకి దొరికినవన్నీ అవే. సినిమా సగమయ్యేలోపు ఎవరో ఒకరు చంపేసేవారు. ఒకనాడు మా కిటికీ ఎదురుగా పచ్చికలో దబ్బున పడ్డారు. నీళ్ళు పట్టుకుని పరిగెత్తాను. ఆయన లేచి కూర్చుని ఏదో అడిగారు.

"బాగా పడ్డానా అంటున్నారు, అమ్మమ్మా. ప్రాక్టీస్ అంట."

"పడ్డం కూడా ఒక పనేనా? నడుం విరిగితే ఎవరు చూస్తారు?" అని చెడామడా తిట్టాను. మనవరాలు ఇంగ్లీషులో చెబితే పకపకా నవ్వారు. "పడమన్నవాళ్ళు చాలామంది. నడుం సంగతి అడిగింది మీరొక్కరే" అన్నారట.

అప్పట్నుంచీ కనపడితే చాలు, నేను అడిగే మాటే తెలుగులో నేర్చుకుని, "భోంచేశారా?" అనేవారు. అచ్చం నా గొంతే, నా కంగారే.

చివర్లో ఊపిరి అందక చాలా అవస్థపడ్డారు. ఆ ఎగశ్వాస వింటూ పక్కన కూర్చున్నది ఆయన భార్య ఒక్కతే.

మొన్న ఆదివారం క్లబ్‌హౌస్‌లో సంతాప సభ పెట్టారు. ఆ గ్రూపులో రాసినతనే పెద్ద తెర కట్టి, సినిమాల్లో ఆయన చచ్చిపోయినవన్నీ వరసగా అతికించి వేశాడు. తూటాకి, కత్తికి, విషానికి. జనం సమోసాలు నములుతూ నవ్వారు. "నెక్స్ట్ ఉరి చూడండి, సూపరుంటది!" అన్నాడతను. ఛీ! తర్వాత ఇంకో సినిమాలో ఆయన మంచంలో ఊపిరి కోసం కొట్టుకోవడం మొదలైంది. ముందు వరసలో ఆయన భార్య రెండు చెవులూ మూసుకుంది.

నేను లేచి వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

"ఆంటీ, ఇది ట్రిబ్యూట్ అండీ!"

"ఏం ట్రిబ్యూటయ్యా? ముందు ఆవిడ ముఖం చూడు!"

చూశాడు. తెర దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ మా మనవరాలిని దగ్గరికి పిలిచి, తన ఫోన్లో ఏదో చూపించి, ఇది వేయమంది. ప్లగ్గు మళ్ళీ నేనే పెట్టాను.

అది ఏదో సినిమాలో పెళ్ళి విందు. ముందర హీరో కన్నీళ్ళతో ఏదో చెబుతున్నాడు. వెనక బల్ల దగ్గర, మసక మసకగా, మా ఎదురింటాయన. మాట లేదు, చావు లేదు. రొట్టె ముక్కకి వెన్న రాసుకుని, కాస్త తుంచి పక్కావిడకిచ్చి, తీరిగ్గా నములుతున్నారు.