మాచర్లామె ఊరు

నా నవల మొదటి అధ్యాయంలో నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తుంటారు. అంతే, ఇంకేమీ జరగదు. ఆ నలుగురినీ పాఠకులకు పరిచయం చేయడమే ఆ అధ్యాయం పని. బడి సెలవులన్నీ దానికే ధారపోశాను. అది చదివి సంపాదకుడుగారు ఫోన్ చేశారు. "అమ్మా, నలుగురూ ఒక్కసారే వచ్చిపడ్డారు. ఎవరెవరో తెలియడం లేదు. ఒక్కరికీ పేరు లేదేమిటి?" అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ నవల ఆయన చేతిలో ఉంది కాబట్టి మర్యాదగానే చెప్పాను.

మా ఊరు నరసరావుపేటకు దగ్గర. మేడ ఎక్కితే కోటప్పకొండ కనిపిస్తుంది. మా ఊళ్ళో కోడలు గడప దాటి లోపలికొచ్చిన రోజే ఆమె పేరు పోతుంది. ఏ ఊరి పిల్లయితే ఆ ఊరామె. మా అమ్మ వినుకొండామె. మా పిన్ని పెదకూరపాడామె. ఎదురింటావిడ గురజాలామె. అందరికంటే పెద్దది మా పెద్దమ్మ, ఆమె మాచర్లామె. అసలు పేర్లు ఆధార్ కార్డుల్లో ఉంటాయి. బ్యాంకులో ఆ పేరు పెట్టి పిలిస్తే వీళ్ళు పలకరు, పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిస్తే గానీ లేవరు.

ఊరి పేరుతో పాటు ఊరి మంచీ చెడూ కూడా నెత్తికెత్తుకోవాలి. అమ్మ చేసిన పప్పులో ఉప్పు తగ్గితే "వినుకొండోళ్ళకు ఉప్పు కూడా కరువే" అనేది మా నాయనమ్మ. పిన్ని నోరు పెద్దది. అది కూడా పెదకూరపాడు ఖాతాలోనే పడింది. గురజాలామెకు పట్టుదల ఎక్కువ. ఎవరితోనైనా మాటలు మానేసిందంటే పండగలు దాటిపోవాల్సిందే. ఇక మాచర్లామె అంటే ధైర్యం. గడ్డివామి దగ్గర పాము కనిపిస్తే మగవాళ్ళతో సహా అందరూ వెనక్కి జరిగి, "మాచర్ల పిల్లవి, నీకేం భయమే!" అని ఆమెను ముందుకు తోసేవాళ్ళు. పెద్దమ్మ ఒక్క మాట అనకుండా చీర కుచ్చెళ్ళు ఎగదోపి కర్ర పట్టుకుని వెళ్ళేది. చిన్నప్పుడు నేను ఆమె కొంగు వెనక నిలబడి చూసేదాన్ని. ఆ కొంగు వెనకున్నంత సేపు నాకు లోకంలో దేనికీ భయముండేది కాదు.

నవలలో ఆమెను అలాగే దించాను. అరుగు మీద అందరికంటే ముందు ఆమే వచ్చి కూర్చుంటుంది, చేతిలో కర్రతో. "మాచర్లామె పాత్ర మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఆమెది ఏ కుటుంబమో, పుట్టిల్లు ఎలాంటిదో రెండు పేజీలు కలపండి. పాఠకుడు పట్టుకుంటాడు" అన్నారు సంపాదకుడు. సరే, ఇంకో రెండు పేజీలే కదా అనుకున్నాను.

అప్పటికే పెద్దమ్మ మనుషుల్ని మర్చిపోతోంది. మొదట పాలు పొయ్యి మీద పెట్టి మరిచేది. అది ఎవరికైనా ఉండేదే. తర్వాత నన్ను చూసి "ఈ టీచరమ్మ ఎవరే?" అంది. టీచరునని గుర్తుంది, ఎవరి కూతురినో గుర్తు లేదు. నరసరావుపేటలో డాక్టరు స్కానింగు చేయించి, ఇది వెనక్కి మళ్ళే జబ్బు కాదమ్మా, జాగ్రత్తగా చూసుకోండి, అని చెప్పి పంపించాడు. ఆ మాట చెప్పడానికి ఆయనక్కూడా కష్టంగానే ఉన్నట్టుంది, మా మొహాలు చూడలేదు.

ఈ మిరపకాయల సీజన్ మొదలయ్యాక కొత్త వరస వచ్చింది. పొద్దు వాలే వేళకు లేచి వైరుబుట్టలో ఒక చీర, దువ్వెన, పసుపు డబ్బా పెట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది.

"నేను పోతన్నా. మా ఊరు పోవాల. అమ్మ ఎదురు చూస్తంటది."

ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి అమ్మ ఎదురు చూస్తుందంటుంటే మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. రెండో రోజు రాలేదు. "రేపు పోదాంలే అక్కా" అని అమ్మ బుట్ట తీసుకునేది. మర్నాడు మళ్ళీ అదే. ఒకరోజు ఎవరూ చూడకుండా రోడ్డెక్కి బస్సు కోసం నిలబడింది. ఆ రోజు పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, పొలం నుంచి పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుని రోడ్డు మీదే ఏడ్చాడు.

పిన్నికి ఒళ్ళు మండింది. "ఎంత దూరమని మాచర్ల? కారులో పోతే సాయంత్రానికి తిరిగొస్తాం. ఆ ముచ్చటేదో తీర్చకుండా రోజూ రేపు రేపు అని ముసల్దాన్ని ఏడిపిస్తారేందే?"

నిజమే కదా అనిపించింది అందరికీ. పుట్టిల్లు ఒకసారి చూపిస్తే నెమ్మదిస్తుందేమోనని ఆశ. నాకు ఇంకో ఆశ కూడా ఉంది, నా రెండు పేజీలు.

ఆదివారం పొద్దున్నే అన్నయ్య కారులో బయల్దేరాం. ముందు సీట్లో పెద్దమ్మ, ఒళ్ళో వైరుబుట్ట. వెనక అమ్మ, పిన్ని, గురజాలామె, నేను ఇరుక్కుని కూర్చున్నాం. పెద్దమ్మ కొత్త పెళ్ళికూతురిలా తల దువ్వించుకుని, పూలు పెట్టించుకుని కూర్చుంది. దారి పొడవునా కిటికీలోంచి చూస్తూనే ఉంది. గురజాల వచ్చేసరికి గురజాలామె తల కిందికి వంచేసింది.

"ఆపమాకు నాయనా. ఇంతమందిమి దిగితే మా మరదలు గుండె ఆగుద్ది."

"ఒక్క కాఫీకే ఆగుద్దా? అదేం గుండే!" అంది పిన్ని. అందరం నవ్వాం. పెద్దమ్మ కూడా నవ్వింది. రెంటచింతల దాటేటప్పుడు కారులో ఏసీ ఉన్నా ఎండ లోపలికొచ్చి కూర్చుంది. అయినా ఎవరమూ విసుక్కోలేదు. మంచి పని చేస్తున్నామన్న సంతోషం మాది.

మాచర్లలో పెద్దమ్మ అన్నగారి ఇల్లు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన భార్య ఉంది, పెద్దమ్మకు వదిన. నవారు మంచం మీద కూర్చుని, కళ్ళు సరిగ్గా కనపడకపోయినా అందరినీ పలకరించింది. మనవడి పెళ్ళాం మజ్జిగ ఇచ్చింది. పెద్దమ్మ గ్లాసు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"మీరు చానా మంచోళ్ళమ్మా. ఇంక పోదాం పదండి. పొద్దు వాలకముందే మా ఊరు చేరాల."

"అమ్మా, ఇదే మీ ఊరు. మాచర్ల. వచ్చేశాం" అన్నాడు అన్నయ్య.

"మాచర్ల నాకెందుకురా? మాచర్ల సంతకొస్తాం మేం."

మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. జబ్బు మాట్లాడిస్తోంది అనుకున్నాం. మంచం మీది వదినగారు మాత్రం చేతులు కళ్ళ మీద పెట్టుకుంది.

"దాని మాట నిజమేనమ్మా. ఆళ్ళది మాచర్ల కాదు. ఏటి ఒడ్డున ఊరు. సాగర్ డ్యాం కట్టినప్పుడు నీళ్ళలో పోయింది. నేను కాపురానికొచ్చింది ఆ ఊరికే. ఉన్నదంతా బండ్లకెత్తుకుని ఇక్కడికొచ్చాం. ఆ మరుసటేడే దీని పెళ్ళి."

"మరి మాచర్లని ఎందుకు చెప్పారు?" అన్నాను.

"మునిగిపోయిన ఊరి పిల్లంటే ఎవడు చేసుకుంటాడే? కొంపలు ముంచి వచ్చిందంటారు. మా మామ మగపెళ్ళివారికి మాచర్ల అనే చెప్పాడు. ఆ ఊరి మాట మళ్ళీ నోట రానీయొద్దని దీని చేత దేవుడి మీద ఒట్టేయించాడు."

అన్నయ్య తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నాక్కూడా చెప్పలేదేందే అమ్మా" అన్నాడు. ఆమె బుట్టలో దువ్వెన ఉందో లేదో చూసుకుంటోంది.

నేను పాముల సంగతి చెప్పాను, కర్ర సంగతి. వదినగారు బోసినోటితో నవ్వబోయి ఆగిపోయింది. "ఇదా? తొండను చూస్తే జ్వరం తెచ్చుకునేది" అంది.

అన్నేళ్ళు మేమందరం కలిసి ఆమెను ముందుకు తోశాం, నీది మాచర్ల కదా అని. ఆమె కాదనలేదు. కాదంటే, మరి ఏ ఊరే నీది, అని అడుగుతారు కదా!

అక్కడితో వెనక్కి రావలసింది. పిన్ని ఒప్పుకోలేదు. "ఇంత దూరమొచ్చి చూపించకుండా తీసకపోతామా? నీళ్ళయితే నీళ్ళే. చూపిద్దాం" అంది. ఆమె మంచికే అంది. మేమూ మంచికే తలూపాం. సాగర్ వైపు పోయాం.

లాంచీలు ఆగే చోట దిగాం. ఎంత దూరం చూసినా నీళ్ళే, అవతల కొండలు. పెద్దమ్మ మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసింది. గాలికి పూలు రాలిపోతుంటే అమ్మ పట్టుకుని మళ్ళీ పెట్టింది.

"ఏరెక్కడే?" అంది పెద్దమ్మ.

"ఇదేనక్కా ఏరు."

"ఇదేం ఏరు? మా ఏరు కిందుంటది. చానా కింద. బండల మీదుగా దిగి పోవాల." అంటూనే మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. నీళ్ళు పాదాలకు తగిలినా ఆగలేదు. అన్నయ్య ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకున్నాం. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో, విదిలించుకుంటోంది.

"వదలండే! ఇంకాస్త దిగితే మా ఇల్లు. వదలండి, అమ్మ అరుస్తది!"

లాంచీ కోసం నిలబడినవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. ఎవరో మాతో "పెద్దావిడను అట్టా లాగుతారేందమ్మా" అన్నారు కూడా. ఏమని చెప్పను? ఆమె చెప్పేది నిజమండీ, ఇంకాస్త దిగితే ఆమె ఇల్లే, అని చెప్పనా? గురజాలామె, ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి, మెట్ల మీద కూర్చుని బావురుమంది. చివరికి నలుగురం కలిసి పెద్దమ్మను ఎత్తినట్టుగా కారు దగ్గరికి తెచ్చాం. తడిసిన చీర అంచు పిండుతూ అమ్మ ఒకటే మాట, "రేపొద్దాం అక్కా, రేపు" అని.

ఆ వారమంతా పిన్ని మనసు కుదురుగా లేదు. ఆఖరికి ఒక ఆలోచన చేసింది. "ఆ పాడు మాచర్ల పేరుతో ఇన్నాళ్ళు పిలిచాం. పోయేలోగా ఒక్కసారన్నా అక్కను తన ఊరి పేరుతో పిలవొద్దా?" ఆ ఊరి పేరు వదినగారు ఆ రోజే మాకు చెప్పింది. నాక్కూడా అది న్యాయమనిపించింది. నవలలో కూడా అలాగే మార్చేద్దామని, ఆ రెండు పేజీలు అక్కడి నుంచే మొదలుపెడదామని అనుకున్నాను.

మధ్యాహ్నం నలుగురూ అరుగు మీద మిరపకాయల ముందు కూర్చున్నారు. పెద్దమ్మ చేతులు మాత్రం ఇంకా ఏదీ మరవలేదు, తొడిమలు చకచకా తీస్తున్నాయి. పిన్ని కారం చేతులు చీరకు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఆ ఊరి పేరు పెట్టి "అక్కా" అని పిలిచింది.

మాచర్లక్కా అంటే నాలుగుసార్లకు గానీ పలకని మనిషి తటాలున తల తిప్పింది. ఆ మొహంలో అంత వెలుగు నా జన్మలో చూడలేదు.

"మా ఊరి నుంచి వచ్చావా? ఎవరి పిల్లవే నువ్వు? నన్ను తీసకపోను పంపించారా?"

పిన్ని నోరు తెరిచింది.

పెద్దమ్మ అప్పటికే లేచి లోపలికెళ్ళి వైరుబుట్ట తెచ్చుకుంది. వచ్చి పిన్ని చెయ్యి పట్టుకుంది. "పద పద, పొద్దు పోతంది" అంటూ లాగుతోంది. పిన్ని కదల్లేదు. లాగి లాగి, ఈ పిల్ల ఎందుకు రావడం లేదో అర్థం కాక, పెద్దమ్మ మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఆ తర్వాత గేటు దగ్గర నిలబడి చీకటి పడేదాకా ఏడ్చింది. తీసకపోయే మనిషి వచ్చి కూడా తీసకపోలేదని ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో ఊరికి పోతానంటోంది గానీ, ఏడవడం అదే మొదటిసారి.

ఆ పేరు మళ్ళీ మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. పెళ్ళికి ముందు ఆమె తండ్రి వేయించిన ఒట్టే ఇప్పుడు మేమూ వేసుకున్నాం.

సంపాదకుడుగారు నిన్న మళ్ళీ అడిగారు, మాచర్లామె పుట్టిల్లు గురించి రెండు పేజీలు ఏమయ్యాయని. రాయడానికేమీ లేదండీ, ఆమెది మాచర్లే, అని చెప్పాను. ఫోన్ పెట్టేసి చూస్తే గేటు దగ్గర పెద్దమ్మ, చేతిలో బుట్ట.

"మాచర్లక్కా, రేపు పోదాంలే" అంటోంది పిన్ని.