పాసుబుక్కు మీది పసుపు

మొన్న మా పక్కింటామె ఒక పాసుబుక్కూ నాలుగు పేజీల ఫారమూ పట్టుకుని వచ్చి, తాను నెలనెలా కట్టిన డిపాజిట్ కంపెనీ దివాలా తీసిందనీ, కోర్టు పెట్టిన అధికారికి ఫారం నింపి పంపితే ఎంతో కొంత తిరిగి వస్తుందంటున్నారనీ, కాస్త రాసిపెట్టమనీ అడిగింది. కరీంనగర్‌లో మా వీధికంతా ఇలాంటివి రాసిపెట్టేది నేనే. కళ్ళజోడు పెట్టుకుని పాసుబుక్కు మొదటి పేజీ తిప్పాను. నాలుగు మూలలా పసుపు, నడుమ ఒక కుంకుమ బొట్టు. తీసిన కలం మూత మళ్ళీ పెట్టేశాను.

ఇంటింటికీ మనుషులు వచ్చి కిస్తీలు వసూలు చేసుకుపోయే డిపాజిట్ కంపెనీల కాలం మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. డిగ్రీ అయి కొలువు దొరకని రోజుల్లో నేనూ అలాంటి ఒక కంపెనీకి ఏజెంటుగా చేరి, పాత స్కూటరు మీద సాంచాల వాడలో తిరిగేవాణ్ణి. పవర్‌లూమును మా దిక్కు సాంచ అంటారు. ఆ చప్పుడులో బతికీ బతికీ అక్కడి వాళ్ళు గుడిలో కూడా గట్టిగానే మాట్లాడతారు. నా మొదటి ఖాతా మా మేనత్తది. మామ పోయిన తరువాత ఆమె రాట్నం మీద నూలు కండెలు చుట్టి బతికేది. ఆమె కొడుకు, నాకు బామ్మర్ది, ఒక సేటు దగ్గర కూలికి నేసేవాడు. ఎప్పటికైనా రెండు పాత సాంచాలు కొని, కొడుకు సొంతంగా నేసుకుంటే చూడాలన్నది అత్త ఆశ.

నేను గుమ్మంలో కనపడగానే, "వచ్చిండు పైసలు గుంజే అల్లుడు! జర కూసో, చాయ్ తాగిపో" అనేది. కొంగు ముడి విప్పి నోట్లు ఇచ్చేది, నేను పాసుబుక్కులో సంతకం చేసేవాణ్ణి. దసరాకు మా వాళ్ళు పనిముట్లకు పూజ చేస్తారు కదా, అత్త రాట్నానికి బొట్లు పెడుతూ పక్కనే ఆ పుస్తకాన్నీ పెట్టి, మొదటి పేజీకి పసుపు కుంకుమ అద్దేది. ఇదేం పూజ అని నవ్వితే, "గిది గూడ నా పనిముట్టే" అనేది.

ఐదో ఏడు నడుస్తుండగా నా స్కూటరు ఇంజను పాడైంది. అత్త ఇచ్చిన మూడు నెలల కిస్తీలు దానికి పెట్టేశాను. పుస్తకంలో సంతకాలు మాత్రం చేశాను. వచ్చే నెల కలిపి కట్టేద్దామనుకున్నాను, వచ్చే నెలకు కంపెనీకి తాళం పడింది.

కొన్నాళ్ళకు కోర్టు అధికారి ప్రకటన వచ్చింది, గడువులోగా అసలు పాసుబుక్కు జతచేసి ఫారం పంపిన వాళ్ళకు కంపెనీ ఆస్తులు అమ్మి పంచుతామని. వాడలో అందరి ఫారాలూ నేనే నింపాను, అన్నీ పోస్టు చేశాను, అత్తది ఒక్కటి తప్ప. కంపెనీ లెక్కతో పోల్చి చూస్తే మూడు కిస్తీలు తగ్గుతాయి, పుస్తకంలో నా సంతకం ఉంటుంది. ఏజెంట్లను స్టేషనుకు పిలుస్తున్నారని అప్పట్లో ఒకటే పుకారు. ఆమె పుస్తకం నా పెట్టెలో దాచి, పంపానని చెప్పాను.

గడువు దాటి రెండేళ్ళు గడిచాక వాడలో చెక్కులు రావడం మొదలైంది. రూపాయికి ఆరణాల లెక్కన వచ్చినా అందరి ముఖాల్లో వెలుగు. అత్త రోజూ పోస్టుమాన్‌కు ఎదురుపోయి, చివరికి నన్నే అడిగింది. నోటికి ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, బొట్ల వల్ల నంబరు కనపడక తిప్పికొట్టారన్నాను. ఆమె పసుపు పచ్చటి తన అరచేతుల్ని చూసుకుంది. "నా చేతులే చెడగొట్టినయా అల్లుడా?" అంది. మళ్ళీ తనే, "నువ్వు ఫికర్ జేయకు. నా కోసమని తిరిగి తిరిగి నీకే పరేషాన్ అయింది" అని నన్నే ఓదార్చింది.

ఆ ఎండాకాలమే బామ్మర్ది పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భివండీ సాంచాలకు పోయాడు. ఆ ఏటి దసరాకు అత్త రాట్నానికి బొట్టు పెట్టలేదు. అది చూసి తట్టుకోలేక, పుస్తకం పట్టుకుని హైదరాబాదులో ఆ అధికారి ఆఫీసుకు వెళ్ళాను. గడువు ఎప్పుడో దాటిందన్నాడు గుమాస్తా. పేజీ తిప్పి చూసి, "మీ దిక్కు పుస్తకాలు సగం గిట్లనే వచ్చినయ్ సార్, బొట్లతోని. నంబరు మంచిగనే కనవడుతుంది" అన్నాడు. నేను వాడుకున్న డబ్బును చీరలనీ మందులనీ వంకలు పెట్టి అత్త చేతిలో పెట్టాను గాని, నిజం చెప్పలేదు. ఆమె పోయాక ధర్మపురిలో అస్థికలు కలిపిన రోజున ఆ పాసుబుక్కు నా సంచిలోనే ఉంది. పక్కనే బామ్మర్ది గుండుతో నిలబడి ఉన్నాడు. అప్పుడూ సంచి తెరవలేదు.

నా అబద్ధం మా బంధువులందరికీ పాకింది. ఇప్పటికీ ఎవరైనా కొత్త బండి కాగితాలకు పసుపు పెట్టబోతే, "అత్త పాసుబుక్కు జేస్తవా ఏంది?" అని ఎగతాళి చేస్తారు. అందరూ నవ్వుతారు. ఇన్నేళ్ళూ నేనూ నవ్వాను.

పక్కింటామె నా ముఖం చూసి భయపడి, "బొట్లున్నయి, చెల్లదా అన్నా? తుడువాల్నా?" అని అడిగింది. చెల్లుతుందనీ, తుడవొద్దనీ చెప్పి, ఆమె కళ్ళముందే ఫారం నింపి ఇచ్చాను.

పక్కింటామె లాంటి ఒకరిద్దరు తప్ప ఇప్పుడు అందరూ కిస్తీలు ఫోనులోనే కట్టేస్తున్నారు. కొంగు ముడి విప్పేవాళ్ళూ లేరు, చాయ్ తాగి పొమ్మనేవాళ్ళూ లేరు, బొట్టు పెట్టుకుందామంటే పుస్తకమే లేదు. మొన్న సాంచాల వాడ మీదుగా వెళ్తే సగం ఇళ్ళలో చప్పుడు లేదు. అత్త ఉన్న ఇంటి ముందు ఫోను మాట్లాడుతుంటే నా మామూలు గొంతే నాకు పెద్దగా వినిపించింది. ఇదంతా రాసిన ఈ కాగితాలనూ అత్త పాసుబుక్కునూ ఒకే కవరులో పెట్టి భివండీకి, బామ్మర్ది పేరు మీద రిజిస్టర్ పోస్టు చేస్తున్నాను. అత్త నన్ను పంపమన్న కవరు ఇన్నాళ్ళకు పోస్టాఫీసుకు పోతోంది.