చెవికందని ఊపిరి

ఒక్దోస్ మొదటి ఘనత నలభై మూడు రోజులది. యాకుత్స్క్‌లో నీళ్ల లారీ తోలడానికి చేరిన తొలి చలికాలంలో, ఇంజను ఒక్క నిమిషమైనా చల్లారనివ్వకుండా అన్ని రోజులూ నిలబెట్టింది. ఆడదానికి లారీ ఏమిటని నవ్విన మగవాళ్ల బండ్లు ఆ చలికాలం మూడు గడ్డకట్టాయి. ఆ తర్వాత ముప్ఫై ఒక్క చలికాలాలు. పైపులు లేని మా వీధుల్లో ఏ ఇంటి పీపా ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు. ప్రశంసాపత్రాలు రెండు గోడకున్నాయి. ఇవన్నీ ఆమె చెప్పుకోదు. మొగుడు ప్రొకోపి చెబుతాడు, ఎవరూ అడగకపోయినా.

ఒక్దోస్ ఏనాడూ థర్మామీటరు చూసి ఎరగదు. పొద్దున్నే గుమ్మం దాటి ఊపిరి వదిలి, చెవి ఒగ్గేది. సున్నాకి కింద యాభై దాటితే వదిలిన ఊపిరి గాలిలోనే గడ్డకట్టి, ఎండుగడ్డి రాసుకున్నట్టు సన్నగా చప్పుడు చేస్తుంది. అది వినపడితే ఉన్ని తొడుగుల మీద తోలు తొడుగులు, చేతులు బయటపెట్టకుండా పని. వినపడకపోతే కాస్త తెరిపి. మా పాతకాలం డ్రైవర్లందరిదీ అదే పద్ధతి.

జనవరి ఇరవై ఒకటిన ఆమె గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, ఇవాళ కాస్త మెత్తబడిందని చెప్పి వెళ్లింది. పొయ్యిలో కట్టెలు పెడుతున్న ప్రొకోపి సరేనన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ మాట తప్పింది లేదు.

మధ్యాహ్నం కుడిచెయ్యి కోటులో దాచుకుని తిరిగొచ్చింది. పొరుగింటి మార్ఫా వాకిట్లో లారీ కుళాయి బిగుసుకుపోతే, చలి తక్కువే కదా అని తొడుగులు తీసి తిప్పిందట. నాలుగు వేళ్లూ మైనంలా తెల్లబడి ఉన్నాయి. ఆస్పత్రికని ఆమె ముందు నడిచింది, ప్రొకోపి వెనకే వాకిట్లోకి వచ్చి గట్టిగా ఊపిరి వదిలాడు.

చెవి పక్కనే ఎండుగడ్డి చప్పుడు.

 ప్రొకోపి ఆమె వీపుకేసి మామూలు గొంతుతోనే అన్నాడు:

"ఒక్దోస్, నీ లారీ ఇంజను ఆగిపోయింది."

ఆ మాట చెవినబడితే ఎంత నిద్రలోనైనా లేచి పరుగెత్తే మనిషి. వెనక్కి తిరగకుండా నడిచిపోతోంది.

ఆస్పత్రి మంచం మీద అతని పెదాల వైపు చూస్తూ ఒప్పుకుంది. రెండేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది, ఈ చలికాలం ఊపిరి చప్పుడు కూడా అందడం లేదని తనకే తెలియలేదు. ఇంజను తీరు పాదాలకు తెలిసేది, పక్కవాళ్లు నవ్వితే తనూ నవ్వేది. తెలిస్తే లారీ లాగేసుకుంటారని భయం.

"అయితే రెండేళ్లుగా నీ గొప్పలన్నీ ఎవరికి చెప్పుకున్నానే, ముసలీ?"

"ఊరందరికీ. నా ప్రాణానికి మాత్రం హాయిగా ఉండింది."

ప్రొకోపి నవ్వబోయి, ఆమె దుప్పటి సర్దాడు. ఒకే పొయ్యి దగ్గర రెండేళ్లు కూర్చుని, తను చూసిందేమిటి?

రెండు వేళ్ల కొనలు తీసేయక తప్పదన్నాడు డాక్టరు. మిగతావి దక్కాయి, స్టీరింగు పట్టు ఉంటుంది. చెవికి యంత్రం పెట్టుకుంటేనే లారీ తాళాలు ఇస్తామని డిపోవాళ్లు చెప్పి పంపారు. దానికీ ఒప్పుకుంది. గాయం మానితే ఇంటికి పంపేది ఫిబ్రవరి పంతొమ్మిదిన.